ఉప్పునీటి చేప ఇల్లు మారితే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన మెయిల్స్‌లో సగానికి పైగా ఒకటే గోడు. చేప షాపులో బాగానే ఉంది, ఇంటికి తెచ్చిన రెండో రోజో మూడో రోజో పోయింది. అందుకే మంచినీటి చేపల ఉత్తరాలు పక్కనపెట్టి ఈసారి మెరైన్ వాళ్ళవే తీసుకున్నాను. గోల్డ్ ఫిష్ వాళ్ళు ఏమీ అనుకోవద్దు, వచ్చే నెల మీదే.

ప్రశ్న: సార్, మా బాబు పదో తరగతి పరీక్షలు అవగానే మెరైన్ ట్యాంక్ కావాలని ప్రాణం తీస్తే మూడడుగుల ట్యాంక్ పెట్టించాం. రెండు నెలలుగా నీళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. పోయిన ఆదివారం రెండు క్లౌన్ ఫిష్‌లు తెచ్చాం. షాపులో చెప్పినట్టే కవర్‌ని పావుగంట ట్యాంక్ నీళ్ళలో తేలేసి ఉంచి, తర్వాత విప్పి వదిలేశాం. మంగళవారం పొద్దున్నే చూస్తే ఒకటి చచ్చిపోయి ఉంది. రెండోది ఓ మూలకి చేరి గబగబా ఊపిరి తీస్తోంది, ఏమీ తినట్లేదు. బాబు కూడా సరిగ్గా తినట్లేదు. షాపతను మీ నీళ్ళే బాగాలేవు అంటాడు, మావారేమో వాడు జబ్బు చేపని అంటగట్టాడు అంటారు. తప్పు ఎవరిది? ఇంకో చేపని ఎప్పుడు తెచ్చుకోవచ్చు? (మియాపూర్ నుంచి ఒక తల్లి)

జవాబు: అమ్మా, ముందు బతికున్నదాని సంగతి చూద్దాం. ఈ పూటకి ట్యాంక్ లైటు ఆపేయండి. గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ ఉంటే వేయండి, లేకపోతే పంపు మూతిని పైకి తిప్పి నీటి పైభాగం బాగా కదిలేలా చేయండి. థర్మామీటర్ చూడండి, 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. అమ్మోనియా టెస్ట్ కిట్ లేకపోతే ఇవాళే తెప్పించండి. అమ్మోనియా సున్నా కంటే ఎంత ఉన్నా సరే, అంతే ఉప్పు, అంతే వేడి ఉన్న కొత్త నీళ్ళతో పావు వంతు మార్చండి. రేపు మళ్ళీ చూసి మళ్ళీ మార్చండి. ఒంటి మీద తెల్లటి జిగురు పొరలా లేస్తుంటే మాత్రం అది వేరే కథ. క్లౌన్ ఫిష్‌లకి బ్రూక్లినెల్లా అని ఒక జబ్బు ఉంది, రోజుల్లోనే తీసుకుపోతుంది. అలా కనిపిస్తే వేరే తొట్టిలోకి మార్చి, మెరైన్ చేపలకి మందు వాడిన అనుభవం ఉన్నవాళ్ళతో అదే రోజు మాట్లాడండి. అలాంటిదేమీ లేకపోతే దాన్ని వలతో తరమకండి, బాబుని గంటకోసారి గాజు మీద తట్టనివ్వకండి. తిండికి తొందర లేదు, కొత్త చోట రెండు మూడు రోజులు తినకపోవడం మామూలే.

ఇక తప్పు సంగతి. మీ ఉత్తరంలో ఒక అంకె లేదు, ఆ అంకె తెలిస్తే నేను గట్టిగా చెప్పేవాణ్ణి. షాపు నీళ్ళలో ఉప్పు ఎంత, మీ నీళ్ళలో ఎంత? చాలా షాపులు మెరైన్ చేపల్ని స్పెసిఫిక్ గ్రావిటీ (మంచినీళ్ళతో పోలిస్తే ఉప్పునీళ్ళు ఎంత బరువో చెప్పే అంకె) 1.018, 1.019 దగ్గర ఉంచుతాయి. సాల్ట్ ఖర్చు తగ్గుతుంది, చేపల్ని పట్టే పరాన్నజీవుల జోరు కూడా కొంత తగ్గుతుంది. దీన్ని నేను మోసం అనను, వాళ్ళ వ్యాపారం వాళ్ళది. కానీ ఇంట్లో మనం పుస్తకం చూసి 1.025 పెట్టుకుంటాం. కవర్ తేలేస్తే వేడి ఒక్కటే సమానమవుతుంది. ఉప్పు కవర్ దాటి రాదు కదా! పావుగంట తర్వాత మీరు చేపని ఒక సముద్రంలోంచి తీసి ఇంకో సముద్రంలో పడేసినట్టే.

దాంతో ఏమవుతుందో తెలియాలంటే మాగాయ గుర్తు తెచ్చుకోండి. మామిడి ముక్కలకి ఉప్పు కలిపి జాడీలో పెడితే తెల్లారేసరికి ఊట దిగుతుంది కదా. సముద్రపు చేపకి పుట్టినప్పటినుంచీ అదే పరిస్థితి. దాని ఒంట్లో ఉప్పు చుట్టూ ఉన్న నీళ్ళలో సుమారు మూడో వంతే, అందుకే ఒంట్లో నీరు ఎప్పుడూ బయటికి పోతూనే ఉంటుంది. ఆ లోటు తీర్చుకోవడానికి అది సముద్రపు నీళ్ళే తాగి, అదనపు ఉప్పుని మొప్పల ద్వారా బయటికి తోసేస్తుంది. ఉన్నట్టుండి ఉప్పు పెంచేస్తే ఆ తోసే పని సరిపోదు, మొప్పలు కొత్త ఉప్పుకి తగ్గట్టు మారడానికి రోజులు పడుతుంది, ఈలోపు చేప నీళ్ళలో ఉండే ఎండిపోతుంది. ఎక్కువ ఉప్పు నుంచి తక్కువకి దిగడం వాటికి చాలా తేలిక, ఎక్కడమే కష్టం. మొదటి రోజు బాగానే తిరిగి రెండో మూడో రోజు పోయిందంటే నా అనుమానం మొదట ఇక్కడికే వెళుతుంది.

రెండో అనుమానం, మీరు రాసిన 'రెండు నెలలుగా నీళ్ళు తిరుగుతున్నాయి' అన్న మాట మీద. ఉత్త ఉప్పునీళ్ళు ఆరు నెలలు తిప్పినా ట్యాంక్ తయారవదు. చేప వదిలే అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా రాళ్ళ మీద, ఫిల్టర్‌లో పెరగాలి, అవి పెరగాలంటే వాటికీ తిండి కావాలి. రోజూ చిటికెడు చేపల మేతో, సీసాలో దొరికే అమ్మోనియానో వేస్తూ నాలుగు నుంచి ఆరు వారాలు ఆగితే, ఒకరోజు వేసిన అమ్మోనియా మర్నాటికి సున్నా అవుతుంది, నైట్రైట్ కూడా సున్నా చూపిస్తుంది. ఆ రోజున ట్యాంక్ తయారైనట్టు. మీరు అలా ఏమైనా వేశారా? వేయకపోతే ఆ రెండు నెలలూ కరెంటు బిల్లు తప్ప ఏమీ పెరగలేదు. కోప్పడకండి, మొదటిసారి నేనూ ఇంతే చేశాను.

ఇంకో చేప ఎప్పుడంటే, ఉన్నది మామూలుగా తింటూ కనీసం నెల దాటాక. అదీ ఈ పద్ధతిలో. షాపుకి వెళ్ళేముందు ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడగండి, 'మీ నీళ్ళు ఎంతలో ఉన్నాయి?' చెప్పలేకపోతే ఉప్పు కొలిచే మీ రిఫ్రాక్టోమీటర్ జేబులో వేసుకుని వెళ్ళండి, రెండు చుక్కలు చాలు. ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటర్‌ని నమ్మకండి, ముల్లుకి గాలి బుడగ అంటుకుంటే ఇష్టం వచ్చిన అంకె చూపిస్తుంది. తర్వాత ఇంట్లో ఒక చిన్న తొట్టిలో షాపు ఉప్పుకి సరిగ్గా సమానంగా నీళ్ళు కలిపి, వేడి సమానం చేసి, చేపని మొదట అందులో పెట్టండి. అందులోనే రోజుకి 0.001 చొప్పున, తొందరైతే 0.002 చొప్పున పెంచుకుంటూ వారంలో మీ ట్యాంక్ ఉప్పుకి తీసుకురండి. కొంచెం నీళ్ళు తీసి కొంచెం ఎక్కువ ఉప్పున్న నీళ్ళు పోయడమే, పెద్ద విద్యేం కాదు. అలవాటు చేయడం అంటే అందరూ చేప వచ్చిన గంటలో చేసే పని అనుకుంటారు. నన్నడిగితే అందులో ముప్పాతిక వంతు చేప రాకముందు చేసుకోవలసిన పని.

ప్రశ్న: చెన్నై నుంచి ఒక ఫ్లేమ్ ఏంజెల్ చేపని ఆర్డర్ పెట్టాను, రాత్రి బయలుదేరి పొద్దున చేరుతుందట, పద్నాలుగు గంటలు కవర్‌లోనే. యూట్యూబ్‌లో ఒకాయన రెండు గంటలు డ్రిప్ చేయమంటాడు, ఇంకొకాయన డ్రిప్ చేస్తే చంపినట్టే అంటాడు. ఇద్దరికీ లక్షల్లో సబ్‌స్క్రైబర్లు ఉన్నారు. టెన్షన్‌గా ఉంది. (దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: ఇద్దరూ నిజమే చెబుతున్నారు, కాకపోతే వేర్వేరు చేపల గురించి. డ్రిప్ అంటే తెలియనివాళ్ళ కోసం: చేపని దాని కవర్ నీళ్ళతో సహా బకెట్‌లో పెట్టి, మన ట్యాంక్ నుంచి సన్నటి ట్యూబ్‌తో సెకనుకి రెండు మూడు చుక్కల చొప్పున నీళ్ళు దించడం. మెడికల్ షాపులో దొరికే సెలైన్ సెట్ దీనికి భలే పనికొస్తుంది, చక్రం తిప్పితే చుక్కలు మన చెప్పుచేతల్లో ఉంటాయి. బకెట్‌లో నీళ్ళు రెండింతలయ్యాక సగం పారబోసి మళ్ళీ చుక్కలు పెడతారు. కూకట్‌పల్లి షాపులో కొని అరగంటలో ఇంటికి తెచ్చుకునే చేపకి, ఉప్పు తేడా చిన్నదైతే, ఇది మంచి పద్ధతే.

మీ చేప అలాంటిది కాదు. పద్నాలుగు గంటలు మూసిన కవర్‌లో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ అంతా ఆ నీళ్ళలోనే ఉంటుంది, దాంతో నీళ్ళ పీహెచ్ పడిపోతుంది. అదే కవర్‌లో అమ్మోనియా కూడా పేరుకుంటుంది, కానీ పీహెచ్ తక్కువగా ఉన్నంతసేపూ అందులో ఎక్కువ భాగం అమ్మోనియంగా ఉండి చేపకి పెద్దగా హాని చేయదు. మీరు కవర్ విప్పారనుకోండి, కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతుంది, పీహెచ్ లేస్తుంది, అమ్మోనియం మళ్ళీ విషపు అమ్మోనియాగా మారుతుంది. పైనుంచి 8.2 పీహెచ్ ఉన్న మీ ట్యాంక్ నీళ్ళు చుక్కచుక్కగా పోస్తూ ఆ పీహెచ్‌ని ఇంకా లేపుతుంటారు. అంటే మీరు ఎంతో ప్రేమగా దగ్గర కూచుని రెండు గంటలపాటు విషం కాస్తున్నట్టు.

ఇది నేను పుస్తకంలో నేర్చుకోలేదు. పన్నెండేళ్ళ కిందట తార్నాకలో అద్దె ఇంట్లో ఉన్నప్పుడు బస్సు పార్సిల్‌లో వచ్చిన క్లౌన్ ఫిష్ జంటకి స్టూలు వేసుకుని కూచుని గంటా నలభై నిమిషాలు డ్రిప్ పెట్టాను. గంటకే రెండూ బకెట్ పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. ఆక్సిజన్ సరిపోవట్లేదనుకుని ఎయిర్ స్టోన్ వేశాను. అది ఉన్న కాస్త కార్బన్ డయాక్సైడ్‌ని కూడా తరిమేసింది. సాయంత్రానికి రెండూ లేవు. పంపినవాళ్ళని ఫోన్లో నానా మాటలూ అన్నాను, పాపం వాళ్ళ తప్పేమీ లేదు.

కాబట్టి మీరు చేయవలసింది ఇది. పంపేవాళ్ళని వాళ్ళ ఉప్పు ఎంతో ముందే అడిగి, అదే అంకెకి మీ చిన్న తొట్టి సిద్ధం చేసుకోండి. పెట్టె వచ్చాక గదిలో లైట్లు తగ్గించి తెరవండి, రాత్రంతా చీకట్లో ఉన్నదానికి ట్యూబ్‌లైటు మొహాన కొడితే బెదురుతుంది. కవర్ విప్పకుండా ఇరవై నిమిషాలు తేలేసి వేడి సమానం చేయండి. అప్పుడు విప్పి, కవర్ నీళ్ళలో ఉప్పు ఒకసారి చూసి, తొట్టి నీళ్ళతో సరిపోతే చేపని చేత్తోనో చిన్న డబ్బాతోనో ఎత్తి వెంటనే వదిలేయండి. విప్పడానికీ వదలడానికీ మధ్య అయిదు నిమిషాలు దాటొద్దు. వల వాడొద్దు, ఏంజెల్ చేపలకి మొప్పల మూత దగ్గర ముల్లుంటుంది, వలలో చిక్కుకుంటే విడదీసేసరికి తల ప్రాణం తోకకి వస్తుంది, చేపకీ మీకూ. కవర్ నీళ్ళు సింక్‌లో పోయాలి, ట్యాంక్‌లో ఒక్క చుక్క కూడా పడకూడదు. నా సొంత లెక్క చెప్పాలంటే, కవర్‌లో రెండు గంటలు దాటిన ఏ చేపకీ డ్రిప్ పెట్టను.

ప్రశ్న: మాది బోరు నీళ్ళు, టీడీఎస్ 900. ఇంట్లో తాగే ఆర్వో ఉంది, దాంట్లో రాళ్ళ ఉప్పు కలిపితే సముద్రపు నీళ్ళు అవవా? (మల్కాజిగిరి)

జవాబు: అవవు. సముద్రపు నీళ్ళంటే లీటరుకి 35 గ్రాముల ఉప్పు ఒక్కటే కాదు, అందులో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, పీహెచ్‌ని పట్టి ఉంచే కార్బొనేట్లు ఉంటాయి. రాళ్ళ ఉప్పు ఆవకాయకి. ట్యాంక్‌కి మెరైన్ సాల్ట్ మిక్సే కొనాలి. తాగే ఆర్వో యంత్రాల్లో చాలావాటికి రుచి కోసం మినరల్స్ తిరిగి కలిపే ఏర్పాటు ఉంటుంది, దాన్ని తీయించి, చివర మిగిలిన లవణాల్ని కూడా పట్టేసే డీఐ కార్ట్రిడ్జ్ పెట్టించి టీడీఎస్ సున్నా వచ్చేలా చూసుకోండి. ఇంకోటి, ఎండాకాలం ట్యాంక్‌లో నీళ్ళు తగ్గితే ఉప్పునీళ్ళు పోయకండి. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు లోపలే ఉంటుంది. ఉత్త ఆర్వో నీళ్ళే పోయాలి.

ప్రశ్న: కొత్త చేపకి నెల రోజులు వేరే తొట్టి అంటారు మీరు ప్రతిసారీ. రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో ఇప్పటికే ఒక ట్యాంక్ ఉంది. రెండోది తెస్తే నన్ను కూడా వేరే తొట్టిలో పెడతానంటోంది మా ఆవిడ. నిజంగా అవసరమా? (నాచారం)

జవాబు: మీ ఆవిడకి నా నమస్కారాలు. అవసరమే అండీ. ఎందుకంటే తెల్ల మచ్చల జబ్బు తెచ్చే పరాన్నజీవి, క్రిప్టోకారియాన్, కొత్త చేప మీద మచ్చగా కనిపించకుండానే మొప్పల్లో దాక్కుని రాగలదు. కొన్ని రోజులు చేపని తిని రాలిపోతుంది, రాయికో ఇసుకకో అంటుకుని గుడ్డు పెంకులాంటి గూడు కట్టుకుంటుంది, అందులోంచి వందల పిల్లలు బయటికొచ్చి మళ్ళీ చేపల్ని వెతుక్కుంటాయి. మచ్చలు మాయమయ్యాయి, తగ్గిపోయింది అని మనం సంబరపడేది సరిగ్గా అది గూట్లో ఉన్నప్పుడే. మందు పనిచేసేది నీళ్ళలో ఈదే పిల్లల మీదే. ఆ మందేమో రాగి, పెద్ద ట్యాంక్‌లో వేస్తే రొయ్యలూ నత్తలూ అన్నీ చస్తాయి. అది ఒకసారి పెద్ద ట్యాంక్‌లో దూరిందంటే చేపలన్నిటినీ బయటికి తీసి, ట్యాంక్‌ని చేపలు లేకుండా 76 రోజులు ఖాళీగా నడపాలి, హాబీలో అందరూ పాటించే లెక్క ఇది. ఇప్పుడు చెప్పండి, నెల రోజులు చిన్న తొట్టి నయమా, రెండున్నర నెలలు చేపల్లేని ట్యాంక్ హాల్లో పెట్టుకుని వచ్చిపోయే చుట్టాలకి సమాధానం చెప్పుకోవడం నయమా?

అదేం భరించలేనంత పెద్దది కానక్కర్లేదు. రెండడుగుల గాజు తొట్టి, అంటే యాభై అరవై లీటర్లు. అడుగున ఇసుక వద్దు. హార్డ్‌వేర్ షాపులో దొరికే రెండు పీవీసీ ఎల్బోలు దాక్కోవడానికి. ఒక స్పాంజ్ ఫిల్టర్, కానీ ఆ స్పాంజ్‌ని మూడు నాలుగు వారాల ముందే పెద్ద ట్యాంక్‌లో వేసి ఉంచాలి, బాక్టీరియా పట్టడానికి. మూత తప్పనిసరి, కొత్తలో బెదిరి ఎగిరి బయట పడేవి ఎక్కువ. డిసెంబరు, జనవరి రాత్రుల్లో చిన్న తొట్టి నీళ్ళు తొందరగా చల్లబడతాయి కాబట్టి హీటర్. నెల అయ్యాక కడిగి ఆరబెట్టి మంచం కింద తోసేయొచ్చు. యుటిలిటీ బాల్కనీలో మాత్రం పెట్టకండి. వాషింగ్ మెషీన్ పక్కన, ఫినాయిల్ డబ్బా కింద, మధ్యాహ్నం ఎండలో పెట్టి, చేప ఎందుకు పోయిందని నాకు రాసినవాళ్ళు ఉన్నారు.

ప్రశ్న: మే నెలలో కొత్త చేపని తేవచ్చా? మాది పై అంతస్తు, ఏసీ రాత్రిళ్ళు మాత్రమే వేస్తాం. (ఉప్పల్)

జవాబు: నన్నడిగితే ఆగండి. మృగశిర కార్తె వచ్చి వాతావరణం చల్లబడ్డాక తెచ్చుకోండి. స్లాబ్ కింద ఇళ్ళలో మేలో ట్యాంక్ నీళ్ళు 31, 32 డిగ్రీలకి పోతాయి, వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది, ప్రయాణం బడలికలో ఉన్న చేపకి కావలసింది ఎక్కువ. రాత్రి ఏసీతో 26, పగలు 31 అంటే ఆ ఊగిసలాట ఇంకా చెడ్డది. నీళ్ళని చల్లబరిచే చిల్లర్ కొనలేకపోతే నీళ్ళ మీదికి ఒక చిన్న ఫ్యాన్ తిప్పండి. మన హైదరాబాద్ ఎండ పొడి ఎండ కాబట్టి కూలర్ పనిచేసినట్టే ఇదీ పనిచేస్తుంది, రెండు మూడు డిగ్రీలు దింపుతుంది, చెన్నైలో ఉక్కపోతకి ఈ ఉపాయం అంతగా పారదు. ఫ్యాన్ పెడితే నీళ్ళు గబగబా ఆవిరవుతాయి, పైన మల్కాజిగిరి వాళ్ళకి చెప్పింది చదవండి. గాలివానకి కరెంటు పోతే వాడుకోవడానికి బ్యాటరీ ఎయిర్ పంప్ ఒకటి సొరుగులో ఉంచుకోండి, సెల్స్‌తో సహా. సెల్స్ టీవీ రిమోట్‌లోకి వెళ్ళిపోకుండా చూసుకోవడం మీ పని.

ప్రశ్న: రెండేళ్ళుగా ఒక నీలం డామ్సెల్ చేప ఉంది. కొత్తగా గోబీ చేపని వదిలితే రాయి వెనక నుంచి బయటికి రానివ్వట్లేదు, తోక చింపేసింది. (సైనిక్‌పురి)

జవాబు: డామ్సెల్ దృష్టిలో ట్యాంకంతా దానిదే, పట్టా దాని పేరునే ఉంది. గోబీని కదపకండి, డామ్సెల్‌నే పట్టి చిన్న తొట్టిలో నాలుగైదు రోజులు పెట్టండి. ఈలోపు రాళ్ళ అమరిక మార్చేయండి. అది తిరిగొచ్చేసరికి హద్దులన్నీ చెరిగిపోయి ఉంటాయి, కొత్తగా వచ్చింది అదే అవుతుంది. అప్పటికీ ఆగకపోతే డామ్సెల్‌ని ట్యాంక్‌లోనే చిల్లుల డబ్బాలో రెండు మూడు రోజులు ఉంచండి, ఒకదానికొకటి కనబడతాయి కానీ కరుచుకోలేవు. వదిలేది లైట్లు ఆపాక, సాయంత్రం పూట. అసలు మెతక చేపల్ని ముందు, రౌడీల్ని చివర తేవాలి, మీరు తిరగేసి చేశారు. అన్నీ చేసినా మారని డామ్సెల్స్ ఉంటాయి, వాటిని షాపుకి తిరిగి ఇచ్చేయడమే.

ప్రశ్న: అంకుల్, నాకు సముద్రపు గుర్రం కావాలి. షాపులో దొరకట్లేదు, ఎక్కడ కొనాలి? (ఏడో తరగతి, అల్వాల్)

జవాబు: ఎక్కడా కొనకూడదు నాన్నా. సముద్రపు గుర్రాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడే ప్రాణుల జాబితాలో ఉన్నాయి. గట్టి పగడాలు కూడా అందులోనే. ఎవరైనా చాటుగా ఇస్తామన్నా వద్దను. హేచరీలో పుట్టిన క్లౌన్ ఫిష్ అడుగు, మన దేశంలో సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు వాటి పిల్లల్ని తీసే పద్ధతి ఎప్పుడో సాధించారు. తొట్టిలో పుట్టి పెరిగినవి కాబట్టి మన ఇళ్ళకి అవే తొందరగా అలవాటు పడతాయి.

ప్రశ్న: కొత్త క్లౌన్ ఫిష్ పగలంతా బాగానే ఉంటుంది, రాత్రి పదకొండింటికి చూస్తే నీటి పైన ఓ మూల పక్కకి ఒరిగిపోయి ఉంటోంది. టార్చ్ వేసి చూస్తే లేచి తిరుగుతుంది. మూడు రాత్రులుగా ఇదే. చచ్చిపోతుందా? (బోడుప్పల్)

జవాబు: నిద్రపోతోందండీ. టార్చ్ వేయకండి.